ఓబుళపతి గారి కారు ఆగిన చోటు

హిందూపురం

గౌరవనీయులైన ఓబుళపతి గారికి,

కారు ఇంకా ఇవ్వలేదని నిన్న ఫోనులో కోప్పడ్డారు. నన్ను మాట్లాడనివ్వలేదు గనక షోరూం మేనేజరుగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ కారు పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడో బయలుదేరింది. సోమందేపల్లి దగ్గర మీరు చేయిస్తున్న రాస్తారోకోలో దాన్ని తెచ్చే లారీ ఆగిపోయింది. "ఇందులో మీ నాయకుని కారే ఉండాది, వదలండప్పా" అని డ్రైవరు బతిమాలాడు. "అట్లయితే అసలు వదలం. సొంత కారునే ఆపినాడని మా అన్నకు పేరొస్తాది" అన్నారట మీవాళ్లు.

స్థానికులకు ఉద్యోగాలివ్వాలన్న మీ డిమాండు న్యాయమైనదే. మా తమ్ముడు యూనస్ కూడా స్థానికుడే, ఆ ఫ్యాక్టరీలోనే పని. విడిభాగాల లారీలను మీవాళ్లు ఆపడంతో పని నిలిచిపోయి ఇంటికొచ్చాడు. ఏం చేస్తాండావురా అని అడిగితే, "రాస్తారోకోలో కూర్చుంటాండా. ఆడ అన్నమన్నా పెడతారు" అన్నాడు.

రేపటికి కారు రాకపోతే మా షోరూం ముందు కూడా ధర్నా చేస్తామన్నారు. తప్పకుండా చేయండి. షామియానా, మజ్జిగ మేమే ఏర్పాటు చేస్తాం. సోమందేపల్లి రోడ్డు మీద కూర్చున్నవాళ్లందరినీ వెంటబెట్టుకొని రండి. వాళ్ల వెనకే మీ కారూ వచ్చేస్తుంది.

ఇట్లు,
మీ విధేయుడు