వంతెన మీది మనిషి

ఖరగ్‌పూర్,
ఆదివారం

ప్రియమైన జెనీకి,

ఫోను ఇందు చేతిలోంచి రావడం లేదు. అందుకే చర్చి నుంచి రాగానే కాగితం పట్టుకున్నాను. మీ కంపెనీ ఆటను విడుదల కాకముందే చెల్లికి పంపావు కదా, పది రోజులుగా దానికి అదే లోకం. నువ్వు గీసిన ఊరు నేనూ చూశాను. ఎడతెగని వాన, పొగమంచులో పసుపు దీపాలు. మధ్యాహ్నం కునుకు తీస్తే అందులోనే నడుస్తున్నాను. అంత వానలోనూ చీర తడవడం లేదు.

అంత చురుకైన పిల్ల ఆ వంతెన మాత్రం దాటలేకపోతోంది. అక్కడ కాపలా ఉండే నల్లటి రౌడీ చేతిలో రోజూ చచ్చిపోతోంది. "కాల్సడం రాదేటే నీకు?" అని మీ నాన్న ఒకటే నవ్వు. కిటుకేదైనా ఉంటే రాయి.

నీ అమ్మ,
ఆలిస్

బెంగళూరు,
గురువారం

ప్రియమైన అమ్మకు,

ఈ ఉత్తరం నాన్నకు చూపించకు. ఆ రౌడీ నాన్నే.

"చూడగానే భయం వేయాలి, బాగా నల్లగా ఉండాలి" అన్నాడు మా బాసు. రైల్వే వర్క్‌షాపు నుంచి నూనె మసితో ఇంటికొచ్చే నాన్న ముఖం నా చేతికి అలవాటు. చూడకుండానే గీసేసి, గడ్డం పెట్టాను. సులువుగా కుదిరిందని ఆ రోజు మురిసిపోయాను కూడా. మేడ మీద వీరుడి కోసం ఎదురుచూసే తెల్లపిల్లనూ నేనే గీశాను. ఆ చాలీచాలని బట్టల్లో నిన్ను ఊహించుకుని గీయగలనా?

ఇప్పుడు కన్ను మూతపడితే నాన్న క్యారేజీ పట్టుకుని ఆ వంతెన మీద నడిచొస్తుంటాడు. పిల్లలు గురిపెడుతుంటారు. సిగ్గుగా ఉందమ్మా. ముఖం మార్చమని అడుగుతాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, అదొక భయం.

నీ జెనీ

ఖరగ్‌పూర్,
బుధవారం

ప్రియమైన జెనీకి,

దాచడానికేమీ మిగల్లేదు. ఇందు మొదటి రోజే పోల్చుకుందట. "నాన్నని నానెలా కాల్తానమ్మా?" అంది. తుపాకీ దించేసి, ఆయన కాల్చేదాకా ఎదురుగా నిలబడుతుంది. పోనీ మేడ మీది పిల్లలా ఆడదామంటే, ఆటలో ఆ బొమ్మకి నడవడమే రాదట.

ఇదంతా విని మీ నాన్న ఫోను తీసుకుని చాలాసేపు చూశారు. "నాను ఇంత బయంకరంగా ఉంటానేటి?" అని నన్నడిగారు. తర్వాత ఇందుని దగ్గర కూర్చోబెట్టుకుని, "కాల్సీయే, బొమ్మే కదా" అన్నారు. అది ఏడ్చింది.

నీ మీద కోపంగా ఉంది. వేళకు తింటున్నావో లేదో అని బెంగగానూ ఉంది.

నీ అమ్మ,
ఆలిస్

బెంగళూరు,
మంగళవారం

ప్రియమైన అమ్మకు,

అడిగాను, వెంటనే ఒప్పుకున్నారు. నాన్న ముఖం తీసేశాను. "ఇంకొకటి పెట్టు, అంతే నలుపు ఉండాలి" అన్నారు.

రెండు రోజులు ఖాళీ తెర ముందు కూర్చున్నాను. మన క్వార్టర్ల మనుషులు డ్యూటీ దిగి ఒక్కొక్కరే అందులోంచి నడిచి వెళ్తున్నట్టు అనిపించింది. సిరిల్ అంకుల్, దేముడు మామ, కళ్యాణి వాళ్ల నాన్న. ఎవరి నాన్నని పెట్టనమ్మా?

ఏమీ గీయకుండా లేచి వచ్చేశాను. రేపటి నుంచి ఉద్యోగం లేదు. నాన్నతో నువ్వే చెప్పు.

నీ జెనీ