లిఫ్ట్ ముందు అడ్డంకి

సెప్టెంబర్ 2, మంగళవారం

పేపర్లో మూడో పేజీ అడుగున చిన్న వార్త. అగ్నిమాపక కేంద్రం వంటగదిలో మంటలు లేచాయట. ఆర్పడానికి పక్క ఊరి నుంచి బండి రావాల్సి వచ్చిందట, వీళ్ల బండి ఆవేళ సర్వీసింగ్‌కి వెళ్లింది కాబట్టి. మధ్యాహ్నం దాకా నవ్వుకున్నాను. అత్తయ్యా, మందులు వేసుకున్నారా అని కోడలు రెండుసార్లు అడిగింది. నేను ఒంటరిగా నవ్వితే ఆమెకి మందులే గుర్తొస్తాయి.

నవ్వడం తేలికే. మా ఇంటి సంగతి అంతకన్నా గొప్పగా ఏమీ లేదు. మా బిల్డింగులో లిఫ్ట్ ఆగిపోయి మూడు వారాలు దాటింది. ఆగడం కూడా పై అంతస్తులో, అంటే మా నాలుగో అంతస్తులో, సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా, తలుపు సగం తెరుచుకుని, ఆవలింత మధ్యలో ప్రాణం పోయినట్టు ఆగింది. నా మోకాలికి ఆపరేషన్ అయి నెలన్నర. రోజూ చదునైన నేల మీద నడవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. చదునైన నేల కింద ఉంది. నేను పైన ఉన్నాను.

అసలు తమాషా ఏమిటంటే నా మనవరాలు లిఫ్ట్ మెకానిక్. పొద్దున్నే టూల్ బ్యాగ్ భుజాన వేసుకుని, నాలుగంతస్తుల మెట్లు దిగి, ఊళ్లో జనానికి మెట్లెక్కే బాధ లేకుండా చేయడానికి వెళ్తుంది. సాయంత్రం ఆ మెట్లే ఎక్కి వస్తుంది. మా లిఫ్ట్ కాంట్రాక్ట్ వేరే కంపెనీది. ఇంకో కంపెనీ లిఫ్ట్ మీద చెయ్యి వేసినవాళ్లకి ఉద్యోగం ఉండదు, వాళ్ల లైన్లో అది అందరూ పాటించే రూలు. అందుకని పిల్ల దాన్ని కన్నెత్తి కూడా చూడదు. మాటల్లేని బంధువు ఎదురుపడ్డట్టు తల తిప్పుకుని వెళ్లిపోతుంది.

మా అసోసియేషన్ సెక్రటరీకి సర్క్యులర్ గారని నేను పెట్టిన పేరు. లిఫ్ట్ పనిచేయదు, దయచేసి మెట్లు వాడగలరు అని నోటీసు రాయించి లిఫ్ట్ లోపల అంటించాడు. అది చదవాలంటే మెట్లెక్కి ఇక్కడిదాకా రావాలి.

సెప్టెంబర్ 4, గురువారం

పేపరు నుంచి ఇద్దరు వచ్చారు. ఆడపిల్లలు అరుదుగా కనిపించే ఉద్యోగాల మీద వరసగా రాస్తున్నారట. మనవరాలి గురించి ఎవరో చెప్పారట. రాసే అమ్మాయి మంచిది. ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా ఆగింది. ఫోటోలు తీసేవాడు మాత్రం మెట్లెక్కేసరికే సగం అయిపోయాడు. మళ్లీ దిగి పిల్ల పనిచేసే చోటికి రావడం తన వల్ల కాదన్నాడు. ఎదురుగా లిఫ్ట్ పెట్టుకుని ఇంకో లిఫ్ట్ వెతుక్కోవడం దేనికి, దీని ముందే నిలబడమన్నాడు.

అది మా కంపెనీది కాదండీ అంది పిల్ల. లిఫ్ట్ అంటే లిఫ్టేనమ్మా, ఎవరు పట్టి చూస్తారు అన్నాడు. చేతికి స్పానర్ ఇచ్చాడు. పట్టుకుంది. పక్కనున్న కంట్రోల్ పెట్టె మీద రెండో చెయ్యి ఆనించమంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆ చెయ్యి వెనక్కి పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు ఇంజెక్షన్‌కి ముందు అలాగే నవ్వేది.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఈరోజు చినుకు కూడా పడదని మా అబ్బాయి ఆఫీసు ప్రకటించింది. వాడు పనిచేసేది వాతావరణ శాఖలో. తడిసి ముద్దై వచ్చాడు.

సెప్టెంబర్ 7, ఆదివారం

పడింది. పేపర్లో సగం పేజీ. నగరాన్ని పైకెత్తే అమ్మాయి అని హెడ్డింగు. ఫోటోలో మనవరాలు, స్పానర్, సగం తెరిచిన తలుపు. లోపలి నోటీసు కనబడకుండా కత్తిరించారు.

కోడలు షాపులో ఉన్న పేపర్లన్నీ కొని రొప్పుతూ వచ్చింది. అభినందించడానికి వచ్చినవాళ్లూ రొప్పుతూనే వచ్చారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే రిటైర్డ్ నర్సు, నా స్నేహితురాలు, ఫోన్ చేసింది. మీ పిల్ల ఊరంతటినీ ఎత్తుతోంది సరే, నానమ్మ ఒక్కదాన్ని కిందికి దించలేకపోతోందా అంది. ఆమెకి ఆ మాత్రం అనే హక్కు ఉంది. నేను ఇంకా ఎక్కువే అంటుంటాను.

సెప్టెంబర్ 8, సోమవారం

పొద్దున పనికి వెళ్లిన మనవరాలు కాసేపటికే తిరిగి వచ్చేసింది. బూట్లు విప్పకుండా కూర్చుంది. మా ఇంట్లో బూట్లతో ఎవరూ కూర్చోరు.

సంగతి ఇది. మా లిఫ్ట్ కంపెనీ మేనేజర్ పేపరు చూశాడు. మీ అమ్మాయి మా లిఫ్ట్‌ని కెలికింది, అందుకే పాడైంది, ఫోటోనే సాక్ష్యం అని వీళ్ల కంపెనీకి ఫోన్ చేశాడు. నాలుగు వారాలుగా మా ఫోన్ ఎత్తని మనిషి, సెలవు రోజున తనంతట తాను ఫోన్ చేశాడు. వీళ్లు శుక్రవారం విచారణ అన్నారు. అందాకా డ్యూటీకి రావద్దన్నారు. తప్పని తేలితే ఉద్యోగం పోతుంది, ఆ మచ్చతో ఆ లైన్లో ఇంకెవరూ తీసుకోరు.

పొద్దున బస్సులో ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు గుర్తుపట్టి సెల్ఫీ అడిగారట. బస్సు దిగి లోపలికి వెళ్లగానే ఐడీ కార్డు తీసేసుకున్నారట.

కోడలు ప్రమాద బీమా పాలసీలు అమ్ముతుంది. పేపర్లో ఫోటో పడటాన్ని ప్రమాదం కింద రాసిన పాలసీ తన దగ్గర ఒక్కటీ లేదంది. పిల్లని నవ్వించాలని అంది. పిల్ల నవ్వలేదు. కోడలే వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పుకుని ఏడ్చింది.

సెప్టెంబర్ 9, మంగళవారం

కాలేజీలో లాజిక్ చెప్పినదాన్ని. రిటైరయ్యాక దాన్ని ఫోన్లో లోన్ కావాలా అని అడిగేవాళ్ల మీద తప్ప వాడింది లేదు. ఈరోజు వాడాను.

నువ్వు చెయ్యి వేస్తే లిఫ్ట్ నడుస్తుంది, ఇది నడవట్లేదు, కాబట్టి నువ్వు చెయ్యి వెయ్యలేదు అన్నాను మనవరాలితో. నానమ్మా, ఇది నీ క్లాసు కాదు, నేనే పాడుచేశానంటున్నారు వాళ్లు అంది. సరే, పాడుచేయాలంటే ఏం చెయ్యాలి అన్నాను. కంట్రోల్ పెట్టె తెరవాలట. తెరవాలంటే సీలు చింపాలట.

కర్ర పట్టుకుని వెళ్లి చూశాను. లిఫ్ట్ పక్కన గోడకి ఆ పెట్టె, దాని తలుపు అంచు మీద పసుపు స్టిక్కరు. లిఫ్ట్ ఆగిన రోజు వాళ్ల మెకానిక్కే వచ్చి, లోపల బోర్డు కాలిపోయింది, కొత్తది తెస్తానని చెప్పి, మూసి అంటించి వెళ్లినది. అతని సంతకం ఉంది, తారీకు ఉంది. ఫోటోకన్నా చాలా ముందటి తారీకు. ఎక్కడా చిరుగు లేదు.

దీన్ని ఫోటో తీసి పంపితే సరిపోదా అన్నాను. ఫోటో వల్లే కదా ఇదంతా, ఇంకో ఫోటోని ఎవరు నమ్ముతారు, విచారణకి వచ్చేవాళ్లు కళ్లతో చూడాలి అంది.

అంటే శుక్రవారం దాకా ఆ స్టిక్కరు అలాగే ఉండాలి. నాలుగు వారాలు ఉన్నది మూడు రోజులు ఉండదా. ఆ కంపెనీ బద్ధకం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.

సెప్టెంబర్ 10, బుధవారం

నమ్మకం వమ్మైంది. పొద్దున్నే కొత్త బోర్డు పట్టుకుని ఇద్దరు మెకానిక్కులు దిగారు. పేపర్లో వాళ్ల లిఫ్ట్ పడింది కదా, ఇక అది పాడై ఉంటే పరువు తక్కువట. వెంటనే బాగుచేసి రమ్మన్నారట.

ఇన్నాళ్లు నేను ఎవరి కోసం ఎదురుచూశానో వాళ్లు గుమ్మం ముందు నిలబడ్డారు. నేను భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఈడ్చుకెళ్లి, కంట్రోల్ పెట్టెకి అడ్డంగా వేసుకుని కూర్చున్నాను. కాలు స్టూలు మీద చాపాను.

ఇద్దరిలో పెద్దాయన మర్యాదస్తుడు. పెద్దమ్మగారూ, కాస్త పక్కకి జరుగుతారా అన్నాడు. రేపు జరుగుతానన్నాను. ఇన్నాళ్లూ మీ ఆఫీసు వాళ్లు నాకు చెప్పిన రేపే ఇదీనూ అన్నాను. రెండో అతను నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగాడు.

సర్క్యులర్ గారు పరిగెత్తుకొచ్చాడు. అంటే రెండో అంతస్తు దాకా పరుగు, అక్కణ్నుంచి దేకుడు. మేడమ్, లిఫ్ట్ బాగుచేయించమని నా ప్రాణం తీసింది మీరే కదా అన్నాడు. ఇప్పుడు బాగుచేయించొద్దని తీస్తున్నాను, ప్రాణం అదే కదా అన్నాను. గొడవ విని మూడో అంతస్తు ఆవిడ రెండు చేతుల్లో సంచులతో పైకి వచ్చింది. మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఆ చేత్తోనే నోటికి కూడా ఏదైనా చేసి ఉండాల్సింది అంది. నాకు వినబడాలనే అంది. మాట బాగుంది, దాచుకున్నాను.

అప్పుడు చెప్పాను. పిల్ల ఉద్యోగం ఈ స్టిక్కరు మీద ఉంది, అది చిరిగితే ఉద్యోగమూ చిరిగినట్టే అని. ఆవిడ సంచులు కింద పెట్టింది. స్టిక్కరు చూసింది, మెట్లు చూసింది. శుక్రవారం దాకానే కదా అంది. సంచులు ఎత్తుకుని దిగిపోయింది.

పెద్ద మెకానిక్ స్టిక్కరు దగ్గరికి వంగి, ఈ సంతకం నాదేనండీ అన్నాడు. తర్వాత ఆఫీసుకి ఫోన్ చేసి ఈరోజు పని కుదరదన్నాడు. అవతల ఎవరో అరిచారు. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని, అరుపు అయ్యాక కట్ చేశాడు. జాబ్ కార్డులో రాసింది నాకు చదివి వినిపించాడు. లిఫ్ట్ ముందు అడ్డంకి ఉంది, కదలదు.

ఇన్నేళ్లలో నా గురించి ఇంత నిక్కచ్చిగా ఎవరూ రాయలేదు.

సెప్టెంబర్ 11, గురువారం

కుర్చీ ఖాళీగా ఉండటం లేదు. నేను స్నానానికి వెళ్తే మూడో అంతస్తు ఆవిడ కూర్చుంది. మధ్యాహ్నం మా అబ్బాయి సెలవు పెట్టి కూర్చున్నాడు. రేపు మంచి ఎండ కాస్తుందని అందరికీ చెప్పాడు. అందరూ గొడుగులు తీసి పెట్టుకున్నారు. సాయంత్రం నర్సు వచ్చింది. లిఫ్ట్ ఆగాక ఆమె పైకి రావడం ఇదే మొదలు. మెట్టుకో మాట నన్ను తిడుతూ ఎక్కింది. పైకి చేరాక తిట్టడానికి ఊపిరి లేదు. ఆ అవకాశం మళ్లీ రాదని నేను తిట్టాను.

లిఫ్ట్ నడిచిన రోజుల్లో వీళ్లంతా డబ్బాలో నిలబడి అంకెలు చూసుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు ఊపిరి కోసం ఆగాలి. ఆగినవాళ్లు ఊరుకోలేరు కదా, మాట్లాడుతున్నారు.

మనవరాలు గదిలోంచి రాలేదు. రేపటికి యూనిఫాం ఇస్త్రీ చేసింది. చేసిన చొక్కానే మళ్లీ చేసింది.

సెప్టెంబర్ 12, శుక్రవారం

మనవరాలి కంపెనీ నుంచి విచారణ అధికారి వచ్చింది, తక్కువ మాట్లాడే మనిషి. వెంట మా లిఫ్ట్ కంపెనీ మేనేజర్. భారీ విగ్రహం. తన లిఫ్ట్‌ని పాడుచేశారని రుజువు చేయడానికి, తన లిఫ్ట్ నడవని బిల్డింగులో నాలుగంతస్తులూ ఎక్కాడు పాపం. పైకి వచ్చాక ఆరోపణ ఎంతకీ బయటికి రాలేదు. నర్సు అతని నాడి పట్టుకుని, ముందు కూర్చోండి బాబూ, చెప్పదలుచుకున్నవి తర్వాత చెబుదురుగాని అంది. ఉన్నది నా కుర్చీ ఒక్కటే. లేచి ఇచ్చాను.

నేను లేస్తే గానీ సీలు కనబడదు. అధికారి కుర్చీ పక్క నుంచి వంగి, టార్చి వేసి చూసింది. సంతకం చదివింది, తారీకు చదివింది. స్టిక్కరు మీద నుంచి గోడ దాకా ఒక సాలెపురుగు కష్టపడి కట్టుకున్న గూడుంది. దాన్నీ చూసింది.

మరి ఫోటోలో తలుపు తెరిచి ఉందే అన్నాడు మేనేజర్, ఊపిరి తిరిగి వచ్చింది. నెల రోజులుగా తెరిచే ఉంది నాయనా, మూసిపెడితే మేమూ సంతోషిస్తాం అన్నాను. అధికారి నన్ను పట్టించుకోలేదు. పేపరు తీసి మనవరాలికి చూపించి, నీ చెయ్యి ఒకటి వెనక్కి ఉందేం అని అడిగింది. పెట్టె మీద పెట్టమన్నారు మేడమ్, మనది కాదు కదా అని పెట్టలేదు అంది పిల్ల.

అంతే చెప్పింది. నేనైతే ఒక పీరియడ్ తీసుకునేదాన్ని.

సోమవారం చెబుతామన్నారు. మేనేజర్ మంచినీళ్లు తాగి, మెట్ల వైపు చూసి నిట్టూర్చి దిగాడు. సాయంత్రం వాళ్ల మెకానిక్కులు వచ్చి, సీలు తీసి కొత్త బోర్డు పెట్టబోయారు. తెచ్చింది వేరే మోడల్‌దట. మళ్లీ మూసి, కొత్త సీలు వేసి వెళ్లారు.

సెప్టెంబర్ 15, సోమవారం

ఫోన్ వచ్చింది. మనవరాలు విని, పెట్టేసింది. టూల్ బ్యాగ్ తీసుకుంది. రెండేసి మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. చాలు.

సెప్టెంబర్ 16, మంగళవారం

పేపర్లో సవరణ వేశారు. ఫోటోలోని లిఫ్ట్ ఆ అమ్మాయి పనిచేసే కంపెనీది కాదని. తప్పిపోయిన కుక్కపిల్ల ప్రకటన కింద, దానికన్నా చిన్న అక్షరాల్లో. కుక్కపిల్లకి ఫోటో కూడా ఉంది.

సెప్టెంబర్ 20, శనివారం

అసోసియేషన్ మీటింగు మా గుమ్మం ముందే పెట్టారు. ఎవరూ అనుకుని పెట్టింది కాదు, అలవాటైపోయింది. వచ్చే నెల నుంచి కాంట్రాక్ట్ మనవరాలి కంపెనీకి. పాత కంపెనీ అభ్యంతరం చెప్పలేదట. మళ్లీ మెట్లెక్కి వచ్చి చెప్పాలి కదా.

మా లిఫ్ట్‌కి నువ్వే వస్తావా అని సర్క్యులర్ గారు పిల్లని అడిగాడు. ఆఫీసు ఎవర్ని పంపితే వాళ్లండీ అంది, ఎంతో పద్ధతిగా. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అక్టోబర్ 3, శుక్రవారం

మనవరాలినే పంపారు.

సీలు వేసినవాళ్లే తియ్యాలి కాబట్టి పాత కంపెనీ పెద్ద మెకానిక్ కూడా వచ్చాడు. అడ్డంకిగారూ, బాగున్నారా అన్నాడు. మీ దయ అన్నాను. తన సంతకాన్ని తనే బ్లేడుతో కోసి, పిల్లకి దారి ఇచ్చి పక్కకి తప్పుకున్నాడు. అది మొదటిసారి మా లిఫ్ట్‌ని ఎదురుగా నిలబడి చూసింది. చాలా కాలానికి మాటలు కలిసిన బంధువుని చూసినట్టు చూసింది. తర్వాత ఇక మమ్మల్ని చూడలేదు, సాయంత్రం దాకా పెట్టెలోనే తల.

బాగుచేసినవాళ్లే మొదట ఒంటరిగా ఎక్కాలట. నేనూ వస్తానంటే, నానమ్మా, నీ ధైర్యం వద్దు, నా పని నన్ను చెయ్యనీ అంది. తలుపు మూసుకుంది. అది మూసుకోగలదని అందరం మర్చిపోయాం. కిందికి వెళ్లిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. కోడలు నా చెయ్యి పట్టుకుంది, పట్టుకున్న సంగతి ఆమెకి తెలియదు. పైకి వచ్చిన చప్పుడు.

కొత్త స్టిక్కరు అంటించి సంతకం చేసింది. అది పేరు రాసేటప్పుడు చివరి అక్షరానికి తోక లాగుతుంది. నేను నేర్పలేదు.

అక్టోబర్ 4, శనివారం

కుర్చీ తెచ్చి లిఫ్ట్‌లో వేయించుకున్నాను. అందులో కూర్చుని రాస్తున్నాను. ఎవరు బటన్ నొక్కితే వాళ్ల దగ్గరికి వెళ్తున్నాను. మూడో అంతస్తు ఆవిడ ఎక్కి, ఎక్కడికండీ అంది. ఇంకా అనుకోలేదన్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి. కింద తలుపు తెరుచుకుంది. చదునైన నేల. ఎండ కాస్తుందన్నాడు మా అబ్బాయి, వాన పడుతోంది. నర్సు గొడుగు పట్టుకుని నిలబడి తిడుతోంది.

అడ్డంకి కదిలింది.