యాభై రెండు మందికి ఒక చెయ్యి

సిరిసిల్ల,
అక్టోబరు 2011

చిరంజీవి మానసకు,

బాపు దీవెనలు. ఇక్కడ అమ్మ బాగుంది. నేను అలసిపోయి ఉన్నాను, అంతకు మించి ఏమీ లేదు కాబట్టి నేనూ బాగున్నట్టే. పుణెలో నీకు ఆసుపత్రి డ్యూటీలు కాస్త తేలికపడ్డాయని అనుకుంటున్నాను.

నీ ఉత్తరం పోయిన శనివారం అందింది. అమ్మ మోకాలికి నువ్వు చెప్పిన నూనె రాస్తున్నాం. నడక కుదురుకుంది కానీ మెట్లు దిగేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటుంది. బతుకమ్మ దగ్గరికి నీ ఆకుపచ్చ చీర కట్టుకుని వెళ్లింది, ఎవరు అడిగినా బిడ్డ చీర అని చెప్పుకుంది. సకల జనుల సమ్మె గురించి అడిగావు. బొగ్గు రావడం లేదు, కరెంటు ఉండటం లేదు. సాంచాలు రోజుకు నాలుగు గంటలు నడిస్తే గొప్ప. మన వాడలో పగటిపూట పిట్టలు వినిపిస్తున్నాయని అమ్మ అంటోంది. ఇరవై ఆరేళ్లు ఆ మరమగ్గం మీద బట్ట నేసినవాడిని, ఊరికే కూర్చోవడం నాకు చేతకావడం లేదు.

"కోరుట్లలో పది రోజులు ఏం చేసినవ్ బాపూ, పుల్ల తిప్పుడు నేర్చుకుంటున్నడని అమ్మ చెప్తుంది" అని రాశావు. అది పెద్ద కథ.

సమ్మెలో జగిత్యాలలో ఒక సభ పెట్టాలనుకున్నారు. మన సిరిసిల్ల బ్యాండువాళ్లు, కోరుట్ల వాళ్లు, జగిత్యాల వాళ్లు అందరూ కలిసి ఒకే పాట వాయించాలని సమ్మె కమిటీవాళ్ల కోరిక. పెళ్లిళ్ల కాలం కాదు, అందరం ఖాళీగానే ఉన్నాం. మన మేళంలో క్లారినెట్టు వాయించేవాణ్ణి కాబట్టి నేనూ పోయాను. బస్సులు లేవు. వేములవాడ దాకా ట్రాక్టరు మీద, అక్కడినుంచి ఎవరి బండి దొరికితే వాళ్ల బండి మీద కోరుట్ల చేరేసరికి నడుము పడిపోయింది.

ఒక రైసుమిల్లు ఆవరణలో కూడాం. నేను కాక మొత్తం యాభై రెండు మంది. పాట మొదలుపెట్టగానే తెలిసిపోయింది, ఇది అయ్యే పని కాదని. కోరుట్లవాళ్లు బరాత్‌లో మెల్లగా నడిచి అలవాటుపడ్డవాళ్లు. మనవాళ్లకు ఎప్పుడూ తొందరే. జగిత్యాలవాళ్లు మధ్యలో ఎక్కడో. మూడు ఊళ్లు మూడు చోట్ల ముగించాయి.

అక్కడ హుస్సేన్ సాబ్ ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఫౌజు బ్యాండులో వాయించి వచ్చిన మనిషి. డెబ్బై దాటాయి. చేతులు వణుకుతాయి, చాయ్ గ్లాసు కూడా ఆయన భార్య మైమూనా బీ పట్టుకుని తాగిస్తుంది. మా అందరినీ చాలాసేపు చూసి నన్ను పిలిచాడు.

"గింత మందికి ముందట ఒక చెయ్యి ఉండాలె. నా చెయ్యి పనికిరాదు. నువ్వు నిలబడు లచ్చయ్యా."

"నేనా సాబ్? నాకేం అస్తది?"

"అందరు తమ బాజా సూసుకుంట వాయిస్తున్నరు. నువ్వొక్కడివే పక్కోళ్ల మొకాలు సూసుకుంట వాయిస్తున్నవ్. గది చాలు."

అలా వాళ్లింట్లోనే పది రోజులు ఉన్నాను. పొద్దున్నే గోడ ముందు నిలబెట్టేవాడు. చేతిలో మైమూనా బీ ఇచ్చిన చీపురుపుల్ల. ఒకటికి చెయ్యి కిందికి, రెండుకు లోపలికి, మూడుకు బయటికి, నాలుగుకు పైకి. గోడ మీద నీడ కూడా తప్పకూడదు. పన్నెండు గంటలు సాంచ నడిపిన భుజమే, పది నిమిషాలకు రాయిలా అయ్యేది. ఊరికే గాలిలో చెయ్యి ఆడించడం ఇంత కష్టమని నేను అనుకోలేదు.

నేను మొదటి దెబ్బ గట్టిగా కొట్టేవాణ్ణి. ఆయనకు అదే నచ్చేది కాదు.

"దించుడు అందరికి అస్తది భాయ్. ఎత్తుడు నేర్చుకో. నువ్వు చెయ్యి ఎత్తినప్పుడే ఆళ్లు గాలి పీల్చుకుంటరు. నువ్వు సుత పీల్చుకో. నీ ఛాతి సూసి ఆళ్లు ఊదాలె."

కుడిచెయ్యి నడక చెబుతుంది, ఎడమచెయ్యి పెంచమనీ తగ్గించమనీ చెబుతుంది. ఎవరు అందుకోవాలో వాళ్ల వైపు ఒక్క లెక్క ముందే చూడాలి. చివర పిడికిలి మూస్తే అందరూ ఆగాలి. రెండు చేతులూ వేరువేరు పని చేయడం నాకు నాలుగు రోజులకు గానీ పట్టుబడలేదు. పడుకుంటే చేతులు వాటంతట అవే కదిలేవి. విసుగు వచ్చి రెండుసార్లు సంచి సర్దుకున్నాను. "తిని పో" అని మైమూనా బీ రొట్టె పెట్టేది. తిన్నాక పోవాలనిపించేది కాదు.

సాయంత్రాలు రైసుమిల్లులో అందరితో సాధన. జగిత్యాల వెంకటేశం అని ట్రంపెట్టు వాయిస్తాడు, మంచి పనివాడు. నేను ముందు నిలబడటం అతనికి గిట్టలేదు. "ముప్పై ఏండ్ల సంది వాయిస్తున్న, నాకు చెయ్యి సూపెట్టెటోడు ఎవడు?" అని మొదటిరోజే అన్నాడు. వారం పాటు నా వైపు కన్నెత్తి చూడలేదు. ఒకరోజు నేను చెయ్యి ఆడిస్తూ ఉండగానే అందరూ వాయించడం మాని నవ్వడం మొదలుపెట్టారు. డోలు గణేశ్ అయితే డోలు మీద పడి నవ్వాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. హుస్సేన్ సాబ్ లేచి "ఖామోష్!" అని కర్ర నేలకు కొట్టాడు. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను.

సభ జగిత్యాలలో ఒక మైదానంలో, ఎండ ఇంకా ఉండగానే. అంత జనాన్ని నేను ఎన్నడూ చూడలేదు. మా వంతు వచ్చింది. నేను ఊపిరి పీల్చుకుని చెయ్యి ఎత్తాను. యాభై రెండు ఛాతీలు నాతోపాటు లేచాయి. ఆ ఒక్క క్షణం నా అలసట అంతా ఎటో పోయింది.

పాట రెండో చరణంలోకి వెళ్లేసరికి జనం అందుకున్నారు. జై తెలంగాణ అని వేల గొంతులు. వేదిక చెక్కలు నా పాదాల కింద అదిరాయి. మావాళ్ల ముఖాలు మారిపోయాయి. ఎవరి బాజా వాళ్లకే వినిపించడం లేదు. గణేశ్ కళ్లు అటూ ఇటూ వెతుకుతున్నాయి, కోరుట్ల వరుస కదిలిపోయేలా ఉంది. నేను వేరే ఏమీ చేయలేదు. కిందికి, లోపలికి, బయటికి, పైకి. అప్పుడు వెంకటేశం తల ఎత్తి నా చేతిని చూశాడు. అతన్ని చూసి పక్కవాళ్లూ చూశారు. ఇక చివరిదాకా ఒక్కరూ కన్ను మళ్లించలేదు. పిడికిలి మూశాను. అందరూ ఒక్కసారే ఆగారు.

దిగాక వెంకటేశం నా చెయ్యి పట్టుకున్నాడు. "కాకా, ఆ లొల్లిల మా బాజాలు మాకే ఇనవడలె. నీకెట్ల ఇనవడ్డది?"

అతని భుజం తట్టి తప్పించుకున్నాను. నీకు చెబుతున్నాను బిడ్డా. నాకు వినపడలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ సరిగా వినపడటం లేదు.

కుడిచెవి పోయి మూడేళ్లు దాటింది. ఎడమచెవి ఈ ఏడాది పోతూ ఉంది. ఎదురుగా ఉంటే పెదవులు చూసి అర్థం చేసుకుంటాను. సాంచాల మధ్య అందరం అట్లాగే మాట్లాడుకుంటాం కనుక ఎవరికీ అనుమానం రాలేదు. నేను ఏదీ పట్టించుకోవడం లేదని అమ్మ కోప్పడుతుంది, అంతే. మేళంలో పక్కవాళ్ల ముఖాలు చూసేది కూడా అందుకే. ఆనాడు వెంకటేశం నన్ను పరీక్షించడానికి వేరే పాట ఎత్తుకున్నాడట. నేను దానికీ చెయ్యి ఆడిస్తూనే ఉన్నానట. అందుకు నవ్వారు.

హుస్సేన్ సాబ్ ఇదంతా సభ అయ్యాక, నా ఎదురుగా కూర్చుని, మెల్లగా చెప్పాడు.

"మొదటి దినమే ఎర్క నాకు. ఎన్కనుంచి మూడుసార్లు పిలిచిన, నువ్వు ఎన్కకు సూడలె."

"మరి ఎందుకు నిలబెట్టినవ్ సాబ్?"

"నా చేతులు వణుకుతయని ఇంట్ల కూసున్న పదేండ్లు. ఎవ్వరికి ముందట నిలబడలె. నువ్వు సుత గట్లనే కూసుంటవని భయమైంది." నా వైపు వంగి అడిగాడు: "ఇంట్ల చెప్పినవా?"

లేదన్నాను. ఇంటికి వచ్చాక అమ్మకు చెప్పాను. ఏడ్చింది, తర్వాత ఇన్నాళ్లూ తిట్టినందుకు మళ్లీ ఏడ్చింది. నువ్వు నర్సువి, ఎట్లా కనిపెట్టలేకపోయానని నువ్వు బాధపడకు. దాచినవాణ్ణి నేను.

ఇప్పుడు నీ ఉత్తరంలో చివరి మాట. "నా బతుకు మాట చెప్తే గట్లనే కానియ్ బిడ్డా అని ఫోన్ పెట్టేసినవ్. అప్పటిసంది ఫోన్ ముట్టుకుంటలేవ్. నిజంగ ఒప్పుకున్నవా, నామీద కోపమా?" అని రాశావు. అమ్మకు ఇంకా చెప్పలేదని కూడా రాశావు.

మానసా, ఆ రోజు నువ్వు ఏం చెప్పావో నాకు తెలియదు. ఫోన్‌లో పెదవులు కనిపించవు కదా. నీ గొంతు సన్నగా, ఎక్కడో తడకల అవతల నుంచి వచ్చినట్టు ఉంది. నువ్వు ఏడుస్తున్నావో నవ్వుతున్నావో కూడా తెలియలేదు. మళ్లీ చెప్పమని అడగడానికి సిగ్గుపడి, ఎప్పుడూ అనే మాట అనేసి పెట్టేశాను. పెళ్లి మాటేమో, ఉద్యోగం మానే మాటేమో, ఒంట్లో బాగాలేదేమో అని ఈ రెండు నెలలు ఒక్కొక్కటీ అనుకుంటూనే ఉన్నాను. అమ్మను అడిగితే నా చెవుల సంగతి బయటపడుతుందని అడగలేదు, ఇప్పుడు నువ్వు చెప్పలేదన్నావు కనుక అడగను.

ఆ "గట్లనే కానియ్" నీ మాటకు జవాబు కాదు. దాన్ని లెక్కలోకి తీసుకోకు. దాని మీద ఆధారపడి ఏమైనా నిర్ణయం చేసి ఉంటే, తప్పు నాది.

మొదటి నుంచి అంతా రాయి బిడ్డా. నాకు నొప్పి కలుగుతుందని తగ్గించి రాయకు. కళ్లు బాగానే ఉన్నాయి, ప్రతి అక్షరం చదువుతాను. చదివిన తర్వాతే మాట్లాడతాను.

ఇట్లు,
నీ మాట కోసం చూస్తున్న
మీ బాపు,
లచ్చయ్య