మెడ మీది నలుపు

అమ్మా, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నా మెడ మీది నలుపు మురికి కాదట! "ఎంత రుద్దినా వదల్దేటే? సూసినోళ్లు నన్నంటారు" అని ఏడ్చేదానివి కదా.

నెలసరి సరిగా రావడం లేదని వెళితే డాక్టరమ్మ ముందు నా మెడే చూసింది. పరగడుపున ఒకసారి, గ్లూకోజు నీళ్లు తాగించి మళ్లీ ఒకసారి రక్తం తీసి, ఇన్సులిన్ కొలవడం ఇక్కడ కుదరదని ఆ రక్తం కలకత్తా పంపింది. ఒంట్లో అది ఎక్కువగానే ఉన్నా సరిగ్గా పనిచేయడం లేదట. ఆ నలుపుకీ, నెలసరి తప్పడానికీ అదే కారణమట. మందులున్నాయట.

"అయితే మీ అమ్మ తోమడంలో తప్పేటీ నేదన్నమాట" అని నాన్న రెండుసార్లు అన్నాడు.

నువ్వు నా మెడ రుద్దిన బీరపీచు మన సుభాష్‌పల్లి ఇంట్లో కుళాయి దగ్గరే వేలాడుతోంది. ఇవాళ దాంతో అంట్లు తోమాను. మంచి పీచేనమ్మా, బొగ్గుల పొయ్యి మసంతా వదిలింది.