నేను చేసిన పనిబల్ల

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. పెనుకొండలో మన వసారాలో ఇప్పుడొక పనిబల్ల ఉంది. నేనే చేశాను. హిందూపురంలో ఫ్యాక్టరీవాళ్లు సామాను దించుకుని పారేసిన చెక్క ప్యాలెట్లు నాలుగు ఆటోలో తెచ్చుకున్నాను. ఫోన్‌లో వీడియోలు చూస్తూ మేకులు ఊడదీసి, పలకలు చిత్రిక పట్టాను. రెండు పలకలు చీలిపోయాయి. తీరా నిలబెడితే ఒక కాలు పొట్టి.

నిన్న ధర్మవరం నుంచి రమణ వచ్చాడు. నీ దగ్గర వడ్రంగం నేర్చుకున్న ఆ రమణ అంటే నాకు చిన్నప్పటి నుంచీ కుళ్లు. నేను ఉలి ముట్టుకుంటే "చెయ్యి తెగుతాది, లోపలికి పోమ్మా" అనేవాడివి. అతని చేయి మాత్రం పట్టుకుని రంపం కోయించేవాడివి.

రమణ బల్లను ఊపి చూశాడు. నవ్వుతాడేమోనని బిగుసుకుపోయాను.

"అక్కా, మీ నాయన చేసిన మొదటి బల్ల కూడా ఇట్లే ఊగుతాండెనంట. కాళ్లు సమం చేద్దామని కోసి కోసి, ఆఖరికి పీట చేసినాడంట. నాతో చెప్పి ఎంత నవ్వినాడో!"

నన్ను ఓదార్చాలనే చెప్పాడు. ఆ నవ్వు కూడా అతనికే ఇచ్చావా అని నాకు కడుపు మండింది. బల్ల సరిచేస్తానని అతను రంపం తీసుకుంటే చేతిలోంచి లాక్కున్నాను.

"ఇది నేను చూసుకుంటా. నువ్వు ఈడ కూచో. మా నాయన నీకు ఇంకా ఏమేం చెప్పినాడో అన్నీ చెప్పు."

సాయంత్రం దాకా చెప్పాడు. విన్నంతసేపూ కుళ్లుకుంటూనే ఉన్నాను. రేపు మళ్లీ రమ్మన్నాను.