బ్రేకు వేసింది నేనే

ఫిబ్రవరి 4
డాక్టరు మాత్ర రాయలేదు. యోగా రాశాడు! ఇరవై రెండేళ్లుగా మా నామ్సోస్ ఊరి రోడ్ల మీద బస్సు నడుపుతున్నదాన్ని. జనవరిలో, మంచు రోడ్డు మీదికి దుప్పి దూకితే గట్టిగా బ్రేకు వేశాను. అప్పటినుంచి మెడ కొయ్యబారింది, దవడ బిగుసుకుపోయింది. అంతా స్ట్రెస్సేనట. అది తగ్గేదాకా డ్యూటీ లేదు.
మా ఆయన ఊడ్వార్‌కి ఒకటే నవ్వు. "బస్సునైనా వంచొచ్చు, నువ్వు వంగుతావటే టోరున్!" అన్నాడు.

ఫిబ్రవరి 6, ఉదయం 10
చర్చి హాలు. ఆరుగురం. టీచరు సిల్యే నా కూతురి వయసు పిల్ల. మోకాళ్ల మీద కూర్చుని, ముందుకు వంగి, నుదురు నేలకు ఆనించమంది. నాకు దుమ్ము తప్ప ఇంకేం కనబడలేదు. భుజాలు వదిలెయ్యమంటుంది. ఎలా వదలాలో చెప్పదు.

ఫిబ్రవరి 13
కుడిచేతికి కట్టుతో ఒకావిడ వచ్చి నా పక్కనే చాప పరిచింది. పేరు హెర్దిస్ అంది. చూడగానే గుర్తుపట్టాను. ఆ రోజు నేను బ్రేకు వేసినప్పుడు బస్సులో పడిపోయింది ఈవిడే. అంబులెన్సు ఎక్కిస్తుంటే కళ్లు మూసుకుని ఉంది, నన్ను చూడలేదు. దుప్పటి మడిచిపెట్టమని అడిగింది. మడిచాను.

ఫిబ్రవరి 20
గోడకు కాళ్లు ఆనించి వెల్లకిలా పడుకున్నాం. అన్నిటికన్నా సులువైన ఆసనం ఇదేనట.
హెర్దిస్ పైకప్పు చూస్తూ చెప్పుకుపోతోంది. చర్చిలో ఆర్గన్ వాయిస్తుందట. ఈస్టరు నాటికి చెయ్యి పనిచేస్తుందో లేదో తెలియదట. "గొడ్లు కాసుకోవాల్సినవాడి చేతికి బస్సిచ్చారు. వాడు దొరకాలి గానీ!" అంది. వాడట! నోరు తెరవబోయాను. "మాటలొద్దు, ఊపిరి మీద ధ్యాస పెట్టండి" అంది సిల్యే.
దవడ ఇంకా బిగిసింది.

ఫిబ్రవరి 21
నోరు మూసుకుని ఊరుకోమంటాడు ఊడ్వార్. చెబితే కేసు పెడుతుందట.

ఫిబ్రవరి 27
ఆ బస్సు నడిపింది నేనేనని చెప్పేశాను. చాపలు చుడుతుండగా. దుప్పి సంగతీ చెప్పబోయాను, ఆవిడ విననేలేదు. "ఇదంతా నా పక్కన పడుకునే విన్నావా?" అంది. కోటు తొడుక్కోవడానికి సాయం చెయ్యబోతే తోసేసింది. కోటు చెయ్యి ఒకటి ఖాళీగా వేలాడుతుండగానే మంచులోకి వెళ్లిపోయింది.
నిజం చెబితే మనసు తేలికవుతుందంటారు. ఏమీ కాలేదు. రాత్రంతా మెడ పట్టేసింది.

మార్చి 6
హెర్దిస్ రాలేదు.

మార్చి 13
ఈ వారమూ రాలేదు. ఇంకో నెల చూద్దామన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి తలుపు ధడేల్మని వేశాను. ఎవరి మీద కోపమని ఊడ్వార్ అడిగాడు. తెలిస్తే కదా చెప్పడానికి! ఆవిడ కోసమే ఇంకా వెళ్తున్నానేమో. యోగా కోసమైతే కాదు.

మార్చి 20
హెర్దిస్ వచ్చింది. కట్టు లేదు. చేతులూ మోకాళ్లూ నేలకానించి పిల్లిలా వీపు పైకి వంచమంది సిల్యే. ఆవిడ కుడి మణికట్టు బరువు ఆపలేకపోయింది. హెర్దిస్ బోర్లా పడి, చర్చి అని కూడా చూడకుండా పెద్ద బూతు తిట్టింది. నాకు నవ్వాగలేదు.
"నవ్వకు. ఇది నీ నిర్వాకమే" అంది, నేల మీద నుంచే.
చెయ్యి అందించాను. ఎడమ చెయ్యి ఇచ్చింది.