తాతయ్య ఫోటోలో నా బొటనవేలు

అక్కా, నేను క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాను.

ఫోన్ చేస్తే "మళ్లీ మొదలెట్టావా?" అని పెట్టేశావు కాబట్టి ఈ కార్డు. ఫోన్‌లో మంత్రిగారి గొంతుతో మాట్లాడి బావను హడలగొట్టినవాణ్ణి నమ్మడం కష్టమే. కానీ ఇది ఒట్టు!

మా ఆఫీసులో ఉన్న పాత సర్కారు రికార్డులన్నీ ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. ఎవరైనా ఊరికే చూడొచ్చు. ఒక్కో కాగితాన్నీ కెమెరా కింద పరిచే పని నాది. నిన్న వంతెన కట్టిన కూలీల ఫోటో వచ్చింది. కింద వరసగా పేర్లు. అందులో మన తాతయ్య పేరు, ఇంటిపేరూ ఊరూ సహా! కాగితం పట్టుకునే మీట నొక్కేశాను, నా బొటనవేలు కూడా ఫోటోలో పడింది.

"వేలు పడిందయ్యా, మళ్లీ తీద్దాం" అంది ఆఫీసరమ్మ.

"ఆయన మా తాతండీ! మా అమ్మ ఇంకా పుట్టకముందే పోయాడు. ఇంట్లో ఒక్క బొమ్మ కూడా లేదు."

ఆవిడ ఫోటో మీదికి వంగి చూసి, "అయితే ఉండనీ. తాతను మనవడు పట్టుకుంటే ఎవరేమంటారు?" అంది. సాయంత్రానికి ఎక్కించేశారు!

బావను మా ఆఫీసు సైటు తెరిచి 'వంతెన కూలీలు' అని కొట్టమను. కళ్లద్దాలు ఆయన నెత్తిమీదే ఉంటాయి, వెతకొద్దను. వరండా కప్పు కారడం ఆగిందా? నా గొడుగు చిన్నదానికిచ్చెయ్.

అమ్మకు మాత్రం వేలు పెట్టి చూపించకు. పేర్లు మూసి ఫోటో ఇవ్వు. మన చెవులే ఆయనవి, తనే పట్టేస్తుంది. అందులో తాతయ్య నాకంటే చిన్నవాడు, అమ్మకు కొడుకులా కనిపిస్తాడు. తొందరపెట్టకు, కళ్లారా చూసుకోనీ.

అమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు, నీకో మొట్టికాయ.

నీ తుంటరి తమ్ముడు